సంగీతకారుడికి అభిప్రాయం రాసేటప్పుడు
సొంతంగా సంగీతం చేసి ఆన్‌లైన్‌లో పెట్టేవారికి ‘సూపర్’ అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, ఏ క్షణాన ఏ శబ్దం మీ మనసును పట్టి నిలిపిందో సమయంతో సహా రాయండి. మా కోనసీమ కుర్రాడొకరు చేసిన ట్రాకులో 2:40 దగ్గర పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఇంజను చప్పుడు సన్నగిల్లి, నీళ్లు గట్టును తాకే సవ్వడి మాత్రమే మిగిలినప్పుడు, సఖినేటిపల్లి రేవులో తెల్లవారుజామున నరసాపురం వెళ్లే పంటు కోసం నాన్నగారి చెయ్యి పట్టుకుని నిలబడిన రోజు కళ్ల ముందు కదిలిందని అతనికి రాశాను. ఫోను స్పీకరులో మంద్రస్థాయి ధ్వనులు సరిగా పలకవు కనుక, ఇలాంటి సంగీతాన్ని హెడ్‌ఫోన్లతో రెండుసార్లయినా విన్న తరువాతే అభిప్రాయం చెప్పడం న్యాయం. ప్రతిధ్వని ఎక్కువై వేణువు మునిగిపోయిందనిపిస్తే దాచవద్దు, అది ఎక్కడో చూపించి చెప్పండి. పాటలు పెట్టుకునే సౌండ్‌క్లౌడ్ వెబ్‌సైటులోనైతే సరిగ్గా ఆ క్షణం దగ్గరే వ్యాఖ్య పెట్టవచ్చు.