మీ ఊరి పోచమ్మ కథను రాసిపెట్టుకోవడం ఎలా?

గ్రీకుల దేవుడు జ్యూస్ ఎవరో తెలుసుకోవాలంటే ఫోన్ చాలు. మన ఊరి పోచమ్మ ఆ వేపచెట్టు కిందికి ఎట్లా వచ్చిందో తెలియాలంటే మాత్రం ఏ ముసలామె దగ్గరికో పోవాల్సిందే, అదీ ఆమె ఉన్నప్పుడే. నాయనమ్మను అడుగుదాంలే, అడుగుదాంలే అని నేను రెండేళ్లు జరిపాను. మా కట్టమైసమ్మ కథ ఇప్పుడు నా దగ్గర సగమే ఉంది. మీకట్లా కాకూడదని ఇది రాస్తున్నాను.

1. ముందు ఊరంతా కాలినడకన తిరగండి

ఒక తెల్లకాగితం మీద ఊరి బొమ్మ గీసుకోండి. నడిమధ్యన బొడ్రాయి, చెరువు కట్ట మీద మైసమ్మ, పోచమ్మ, ఎల్లమ్మ, గుడి ముందర పోతరాజు, పొలిమేర రాళ్లు. వరంగల్ చుట్టుపక్కల కాకతీయుల నాటి నుంచి చెరువులు ఎక్కువ కాబట్టి మైసమ్మలూ ఎక్కువే. ఒక్కొక్కచోట రాయి ఉందా, విగ్రహం పెట్టారా, చెట్టు ఏమిటి, పూజ చేసేది ఎవరు అన్నవి రాసుకోండి. చాలా ఊళ్లలో పోచమ్మకు పూజారి కుమ్మరి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటేనే కథలోకి సగం దారి దొరుకుతుంది. సిమెంటు గుడి కట్టాక పాత రాయి ఏమైందో కూడా అడగండి. ఒక్కోసారి అది కొత్త విగ్రహం వెనకాలే ఉంటుంది.

2. "కథ చెప్పు" అని అడగొద్దు

అట్లా అడిగితే "మాకేం తెల్సు బిడ్డా" అనేస్తారు. సంగతుల మీద అడగండి. అన్నిటికన్నా బాగా పనిచేసేది చేతి మీది మశూచి టీకా మచ్చ. "అవ్వా, ఈ మచ్చ ఎప్పటిది?" అంటే చాలు, "ఊళ్లె అమ్మోరు పోసినప్పుడు..." అని మొదలవుతుంది. పోచమ్మ పేరుకూ ఆ "పోయడానికీ" చుట్టరికం ఉందని చాలామంది అంటారు. వేపాకు మీద పడుకోబెట్టడం, పసుపు నీళ్లు, ఇంట్లో పోపు పెట్టకపోవడం, తగ్గాక తల్లికి బోనం ఎత్తడం, అన్నీ అక్కడే బయటికి వస్తాయి. మన దేశంలో మశూచి 1975తో ఆగిపోయింది. ప్రపంచం నుంచే పోయిందని 1980లో ప్రకటించారు. అంటే దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లే. ఈ పని ఆలస్యం చేయొద్దని అందుకే అంటున్నాను.

సంవత్సరాలు అడిగి వాళ్లను టెన్షన్ పెట్టొద్దు. రజాకార్ల కాలానికి ముందా తర్వాతా, 1969 తెలంగాణ ఉద్యమంలో బడులు బందైనప్పుడా అని అడగండి. గోదావరి ఒడ్డు ఊళ్లలో 1986 వరద మంచి గుర్తు.

బోనాల రోజు మాత్రం రికార్డు చేయబోకండి. నేను చేశాను. గంటన్నరలో డప్పు తప్ప ఏమీ వినపడదు. అమ్మవారు పూని శిగమూగుతున్న శివసత్తుల ముఖాల మీదికి ఫోన్ పెట్టడం మర్యాద కూడా కాదు. పండుగ అయిపోయిన వారం తర్వాత, మధ్యాహ్నం పూట పోండి.

3. కథ చెప్పే కులాలను వెతకండి

ఇంట్లోవాళ్లు ముక్కలు చెబుతారు, పూర్తి కథ ఉండేది వీళ్ల దగ్గర. ఎల్లమ్మ కథ జమిడిక అనే తీగవాయిద్యం మీద చెప్పేది బైండ్లవాళ్లు. మల్లన్న, బీరప్ప కథలు ఒగ్గువాళ్లవి. సంక్రాంతికి మొదలయ్యే ఐనవోలు మల్లన్న జాతరలో పెద్దపట్నం, అంటే రంగుపొడుల పెద్ద ముగ్గు, వేసేది వాళ్లే. పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు పటం విప్పి కులపురాణం చెబుతారు. చేర్యాల నకాషీ బొమ్మలు మొదట ఇట్లాంటి పటాల కోసం గీసినవే, గోడకు తగిలించుకోవడానికి కాదు. వాళ్లకది బతుకుదెరువు. ముందే డబ్బు మాట్లాడుకోండి, ఉత్తగా చెప్పించుకోవద్దు.

4. రెండు కథలుంటే రెండూ రాయండి

మేడారం సమ్మక్క పసిబిడ్డగా అడవిలో పులుల నడుమ ఆడుకుంటూ దొరికిందని అందరూ చెప్పేదే. తెచ్చి పెంచింది ఎవరు? పొలవాసను ఏలిన మేడరాజు అని కొందరు, కోయ పెద్దలని కొందరు. మళ్లీ ప్రతాపరుద్రుడి సేనతో పోరు, సంపెంగ వాగులో జంపన్న ప్రాణం విడవడం, చిలకలగుట్ట మీద కుంకుమ భరిణె దొరకడం దగ్గర అందరూ కలుస్తారు. ఏది నిజమో తేల్చే పని మీది కాదు. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ రోజు అన్నది మాత్రం పక్కనే రాయండి.

పోచమ్మ, ఎల్లమ్మ లాంటి గ్రామదేవతలు ఏడుగురు అక్కచెల్లెళ్లంటారు, వాళ్ల పేర్లు కూడా ఊరూరికీ మారతాయి. ఏడూ కుదరలేదని పుస్తకంలోంచి తెచ్చి అతికించొద్దు. "పోచమ్మ అంటే పార్వతే" అని ఒక్క ముక్కలో కట్టేయడం నాకైతే అస్సలు నచ్చదు. అవ్వ అట్లా అంటే రాయండి, మీరై కలపకండి.

5. ఓపిక ఉంటే ప్రపంచంతో పోల్చండి

ఇది తప్పనిసరేం కాదు, కానీ సరదాగా ఉంటుంది. బొడ్రాయి అంటే ఊరి బొడ్డు. గ్రీకులు కూడా డెల్ఫీలో ఒక రాయిని భూమికి బొడ్డు అన్నారు. జ్యూస్ ప్రపంచం రెండు కొసల నుంచి వదిలిన రెండు గద్దలు అక్కడ కలిశాయట. రోమన్లకు హద్దురాయే దేవుడు, పేరు టెర్మినస్. ఏటా ఫిబ్రవరి 23న ఇరుగుపొరుగు రైతులు కలిసి ఆ రాయికి దండలు వేసి బలి ఇచ్చేవాళ్లు. మన పొలిమేరలో పొలి (బలి అన్నం) చల్లడం గుర్తొస్తుందా? ఆఫ్రికాలో యొరుబా వాళ్లకు మశూచి దేవుడు షొపొనా. రోగం పంపేదీ తీసేదీ ఆయనే, మన తల్లిలాగే. అయితే పోలిక ఈ దేవుళ్లు చేసే పనిలో ఉంది. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారని రాయకండి.

6. రాసింది చదివి వినిపించండి

రికార్డింగును ఫోన్‌లో ఒక్కచోటే ఉంచకుండా పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించండి. మాటలు కథ చెప్పినామె అన్నట్టే రాయండి. "పోయిండు"ను "వెళ్ళాడు" చేయొద్దు. తర్వాత ఆమె ముందే కూర్చుని చదవండి. మా మేనత్తకు నేను చదువుతుంటే మూడో వాక్యం దగ్గరే ఆపేసింది: "యాపచెట్టు కాదురా, అప్పుడు రావిచెట్టు ఉండె. యాప మీ తాత పెట్టిండు."