ఎలుకల పంజరం వాసన రాకుండా: మా ఇంట్లో నేను చేసే పద్ధతి

మేముండేది మౌలాలిలో, రెండో అంతస్తులో అద్దె వాటా. ముందుగదిలో నా కుట్టుమిషను, దానికి రెండడుగుల దూరంలో మా పెంపుడు ఎలుకల పంజరం. జాకెట్ల కొలతలు ఇవ్వడానికి రోజూ నలుగురైదుగురు వస్తారు. గది కంపు కొడితే వాళ్లు రెండోసారి మెట్లెక్కరు. అందుకే మల్లి, బూంది, చుక్క, ఈ మూడు ఆడ ఎలుకలు ఇంటికొచ్చిన దగ్గర్నుంచి వాటి శుభ్రం నాకు రోజువారీ పనైంది. కొత్తగా ఎలుకల్ని తెచ్చుకున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట్లో నేను చేసిన తప్పు ముందు చెప్తాను. ప్రతి ఆదివారం పంజరం మొత్తం బాత్రూంలో పెట్టి ఫినాయిల్‌తో కడిగేదాన్ని. పాత గుడ్డలన్నీ తీసేసి ఉతికినవి వేసేదాన్ని. సోమవారం సాయంత్రానికే మళ్లీ వాసన, అదీ ముందుకంటే ఘాటుగా. ఎందుకో అర్థంకాక ఒకరోజు పక్కనే కూర్చుని చూశాను. కడిగి పెట్టిన అరమీదికి మల్లి ఎక్కింది. ముక్కు ఆడిస్తూ, పొట్ట అరకి ఆనిస్తూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. అది నడిచిన దారంతా ఆవగింజంతేసి మూత్రపు చుక్కలు, టాకా వేసినట్టు వరసగా. వెనకాలే బూంది వచ్చి ఆ చుక్కల పక్కనే తన చుక్కలు పెట్టింది. ఎలుకకి తన ఇల్లు తన వాసనతోనే గుర్తు. ఆ వాసనంతా ఒక్కసారిగా పోగొడితే పరాయి ఇంట్లో వదిలినట్టే, మళ్లీ గుర్తులు పెట్టుకునేదాకా దానికి నిమ్మళం ఉండదు. ఆ రోజు నుంచి నా లెక్క మారింది. రోజూ కొంచెం కొంచెం తీస్తాను, నెలకోసారి తప్ప మొత్తం ఒకేసారి తీయను.

ఫినాయిల్ మానేయడానికి ఇంకో కారణం మా చుక్కకి పట్టుకున్న తుమ్ములు. రాత్రంతా తుమ్మేది, కళ్ల చుట్టూ ఎర్రగా చారలు కట్టాయి. రక్తమనుకుని భయపడి పరుగెత్తాను. అది రక్తం కాదు, ఎలుకకి ఒంట్లో బాగాలేకపోయినా బెదిరినా కంటి దగ్గర ఊరే ఎర్రటి స్రావమని డాక్టరుగారు చెప్పారు. పెంపుడు ఎలుకల్లో చాలావాటికి మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఊపిరితిత్తుల్లో ముందునుంచే ఉంటుంది. మామూలుగా బయటపడదు. పంజరంలో మూత్రం నిలవై అమోనియా ఎక్కువైతే, లేదా ఘాటు మందుల వాసన పడితే, ముక్కూ ఊపిరీ దెబ్బతిని జబ్బు పైకొస్తుంది. మనకి వాసన చిరాకు, వాటికి అదే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే పొద్దున లేవగానే, కిటికీలు తెరవకముందే, మోకాళ్ల మీద కూర్చుని ముఖం పంజరం అడుగు దగ్గరికి పెట్టి వాసన చూస్తాను. నిలబడితే తెలియని ఘాటు అక్కడ తెలుస్తుంది. ఎలుక ముక్కు ఉండేది ఆ ఎత్తులోనే కదా. కళ్లు కొంచెం చురుక్కుమన్నా ఆ పూట అడుగు మార్చాల్సిందే.

పంజరం ఎంపికలోనే సగం పని తేలికవుతుంది. మొదట కొన్నది చిలకల పంజరం. చిన్న తలుపు, అందులోంచి ఒక్క చెయ్యే పట్టేది, మూలలు తుడవాలంటే భుజం పట్టేసేది. అడుగున వట్టి ఊచలు, వాటిమీద నడిచి నడిచి ఎలుకల అరికాళ్లు పుండ్లు పడతాయి. తర్వాత వెల్డింగ్ షాపులో చెప్పి చేయించాను. మూడడుగుల ఎత్తు, రెండేసి అడుగుల వెడల్పూ లోతూ, ముందు వైపంతా తెరుచుకునే తలుపు. ఊచల మధ్య అరంగుళం దాటకూడదని పట్టుబట్టాను, ఎక్కువుంటే పిల్ల ఎలుకలు జారుకుంటాయి. జీఐ జాలీ, అంటే జింకు పూత ఇనప జాలీ, వద్దన్నాను. అది మూత్రం పట్టుకుని తుప్పెక్కుతుంది, ఎంత రుద్దినా వాసన వదలదు. పౌడర్ కోటింగ్ ఉన్నదైతే తడిగుడ్డతో తుడిస్తే చాలు. అరలకి ప్లైవుడ్ కూడా వద్దు, చెక్క తాగిన మూత్రం బయటికి రాదు. అడుగు ట్రే లోతు నాలుగంగుళాలైనా ఉండాలి, లేకపోతే కింద వేసిన కాగితమంతా ఎలుకలు రాత్రికి గదిలోకి చిమ్ముతాయి.

కింద ఏం వేయాలన్నది ఎక్కువమంది అడుగుతారు. వడ్రంగి దగ్గర ఊరికే దొరుకుతుందని రంపపు పొట్టు తేవొద్దు. అది దుమ్ము, పైగా ప్లైవుడ్ జిగురు కలిసి ఉంటుంది. దేవదారు, పైన్ పేళ్ల సువాసన మనకి బాగుంటుంది కానీ ఆ నూనెలు ఎలుకల ఊపిరికీ కాలేయానికీ చేటు. ఊక కూడా దుమ్మే. నేను వాడేది సన్నగా చింపిన అట్టపెట్టెలు, రంగు అచ్చులేని కాగితం, మూడంగుళాల మందం. న్యూస్‌పేపరు పనికొస్తుంది కానీ తెల్ల ఎలుకకి సిరా అంటి బొచ్చు మసిబారుతుంది.

అరలమీద మాత్రం గుడ్డ. ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. పాత కాటన్ చీర మెత్తగా ఉంటుందని వేశాను. కొరికిన చోట పోగులు లేచి, బూంది వెనక కాలి వేలికి ఒక పోగు బిగుసుకుపోయింది. వేలు నల్లబడక ముందే కత్తెర మొనతో తీయగలిగాను. ఆ తర్వాత కాటన్ పైన వేయలేదు. చలికాలంలో రోడ్డు పక్కన అమ్మే ఫ్లీస్ (మెత్తటి నూగు ఉండే సింథటిక్ గుడ్డ) దుప్పటి ఒకటి కొని అర కొలతకి కత్తిరించుకోండి. అది కత్తిరించినా పోగు లేవదు, అంచు కుట్టక్కర్లేదు. ఫ్లీస్ తడిని కిందికి దించుతుంది కానీ తను తాగదు, కాబట్టి దాని అడుగున పాత తువ్వాలు మడిచి పెట్టాలి. రెండిటినీ కలిపి కాగితాలు పట్టే నల్ల క్లిప్పులతో నాలుగు మూలలా బిగిస్తే ఎలుకలు కిందికి దూరి గూడు చేసుకోవు. ఉతికేముందు బాల్కనీలో దులిపి, వెనిగర్ కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి, ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకుండా విడిగా ఉతుకుతాను. బట్టలు మెత్తబడటానికి పోసే సువాసన ద్రావకం పోయొద్దు. దానివల్ల గుడ్డ తడి పీల్చడం మానేస్తుంది, ఆ సెంటు ఎలుకలకీ పడదు.

ఎలుకలకి ఒక మూల అలవాటు చేయొచ్చు. అవి ఏ మూల ఎక్కువ వెళ్తున్నాయో నాలుగు రోజులు గమనించి, అక్కడే లోతైన ప్లాస్టిక్ డబ్బా పెట్టండి. అందులో వేసేది మిగతా పంజరంలో వేసినదాని కంటే వేరుగా ఉండాలి, అప్పుడే తేడా పట్టుకుంటాయి. వాటి పెంటికలు కొన్ని, మూత్రం తుడిచిన కాగితం ఒకటి అందులో వేసి, మధ్యలో గుప్పెడంత నున్నటి రాయి పెట్టండి. రాయెక్కి మూత్రం పోయడం చాలా ఎలుకలకి ఇష్టం. మావాటికి మూడు వారాలు పట్టింది. పెంటికలు దాదాపు అన్నీ డబ్బాలోనే వేస్తాయి, మూత్రం మాత్రం సగమే. మగ ఎలుకలైతే చుక్కలు పెట్టడం ఇంకా ఎక్కువ.

రోజూ పొద్దున పది నిమిషాలు పడుతుంది. మూల డబ్బా ఖాళీ చేసి రాయి కడుగుతాను. తడిసిన కాగితం పిడికిళ్లతో తీసి అంతమేరకే కొత్తది వేస్తాను. రాత్రి పెట్టిన దోసకాయ, ఉడికించిన గుడ్డు ముక్కలు మిగిలితే తీసేస్తాను. బూంది పంజరంలో వేలాడే గుడ్డ ఊయల మడతలో దాచుకుంటుంది కాబట్టి అక్కడ చెయ్యి పెట్టి వెతకాలి. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాలో తెల్ల వెనిగరు, నీళ్లు సమానంగా పోసి ఉంచుకున్నాను. ట్రేలో తెల్లగా గడ్డకట్టిన మూత్రపు పొర మీద కొట్టి పది నిమిషాలు ఆగితే గోకక్కర్లేకుండా వదులుతుంది. బ్లీచింగ్ పౌడర్ జోలికి పోవద్దు. అది మూత్రంతో కలిసినా వెనిగర్‌తో కలిసినా విషవాయువు వస్తుంది. సీసాలో నీళ్లు రోజూ మార్చాలి, లోపల వేలు పెట్టి చూస్తే జిగురు తగలకూడదు. మా బోరు నీళ్లకి సీసా గొట్టంలో సున్నం పట్టి, నీళ్లు వదిలే చిన్న గుండు కదలదు, వారానికోసారి వెనిగర్‌లో నానబెడతాను.

వారం మధ్యలో అరల గుడ్డలు, ఆదివారం కింది కాగితం మారుస్తాను. కాగితం మార్చేటప్పుడు పొడిగా ఉన్న పాతది రెండు గుప్పెళ్లు పక్కన పెట్టి కొత్తదానిలో కలుపుతాను. ఊయల ఉతికిన వారం గూడు పెట్టె ముట్టుకోను. నెలకోసారి మాత్రం పంజరం మేడమీదికి తీసుకెళ్లి గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఎండలో పూర్తిగా ఆరబెడతాను. ఎండాకాలంలో ఈ పని ఎనిమిదింటిలోపే ముగించాలి. ఎలుకలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఒంటి వేడి కొంత తోకలోంచి పోతుంది. ముప్పై డిగ్రీలు దాటితే అల్లాడిపోతాయి, కాబట్టి వాటిని మేడమీదికి తీసుకెళ్లకుండా చల్లటి గదిలో చిన్న బుట్టలో ఉంచండి.

మన ఇళ్లల్లో ఉండే కొన్నిటిని ఆ గదిలోకే రానివ్వకండి. కలరా ఉండలు, దోమల చుట్టలు, అగరుబత్తి పొగ, చీమల సుద్ద. చీమలకి నేను చేసేది పూర్వం పాలగిన్నెకి చేసినట్టే. పంజరం నాలుగు కాళ్లకింద నాలుగు నీళ్ల గిన్నెలు. గింజలు స్టీలు డబ్బాలో పెట్టండి, తీసిన చెత్త అదేరోజు కట్టి పారేయండి. లేకపోతే బయటి ఎలుకలు, పందికొక్కులు వస్తాయి. వాటి మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వీటికీ, వీటినుంచి మనకీ అంటొచ్చు. వానాకాలంలో మరీ జాగ్రత్త. పంజరం సామాను వంటింటి సింకులో కడగకుండా విడి బకెట్, విడి పీచు పెట్టుకోండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఊరెళ్తే కింది వాటా పిల్లకి తాళంచెవి ఇస్తాను. డబ్బా ఖాళీ చేయడం, నీళ్లు మార్చడం, పాత తిండి తీయడం, ఈ మూడే చెప్తాను. బయల్దేరే ముందురోజు పంజరం కడగను, వచ్చాక కడుగుతాను. నేను లేనప్పుడు వాటి వాసన వాటి దగ్గర ఉండాలి.