సీటు లెక్కలు – 4వ పాఠం: పుణే నుంచి పిలుపొచ్చింది, టికెట్ తీయాలా?

పోయిన పాఠంలో మన నీట్ ర్యాంకుకి ఏ మెడికల్ కాలేజీ దాకా ఆశ పెట్టుకోవచ్చో లెక్క కట్టాం. ఆ నోట్‌బుక్కే ఈసారీ తీయండి. కొత్త పేజీ, పైన తేదీ, కింద ఐదు గడులు. పెన్సిల్ వద్దు, పెన్నుతో రాయండి. ఎందుకో మధ్యలో తెలుస్తుంది.

ఎంబీబీఎస్‌కి ఇంటర్వ్యూ ఏమిటి, నీట్ ఉందిగా అంటారేమో. నిజమే. కాకినాడ రంగరాయ అయినా, 2023లో మొదలైన రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ కాలేజీలైనా, అమలాపురం కిమ్స్ అయినా ర్యాంకు, కౌన్సెలింగ్, అంతే. ఎదురుగా కూర్చోబెట్టి "డాక్టర్ ఎందుకవుదామనుకున్నావమ్మా" అని అడిగేవాళ్ళుండరు. అలా అడిగే చోటు ఒకటుంది. పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాల, అందరూ ఏఎఫ్ఎంసీ అనేది. నీట్ మార్కులతో అక్కడ సగం పనే అవుతుంది. ఆ మార్కులను బట్టి కొందరిని పుణే పిలుస్తారు. టోఎల్ఆర్ అని ఇంగ్లీషు, లాజిక్ కలిపిన పరీక్ష ఒకటి పెడతారు, ఇంటర్వ్యూ చేస్తారు, మెడికల్ బోర్డు ముందు నిలబెడతారు. మన కోనసీమ నుంచి వెళ్ళి రావాలంటే వారం పని.

లెక్కకి మా బావమరిది ఇంటినే తీసుకుందాం. అంబాజీపేట దగ్గర ఊరు, రెండెకరాల కొబ్బరి తోట, చిన్న ఎరువుల కొట్టు. కూతురికి పుణే నుంచి పిలుపొచ్చింది. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"బావా, ఇంతదాకా వచ్చాక ఆగుతామా? టికెట్లు తీసేస్తున్నాను."

"ఒక్క రెండ్రోజులు ఆగు."

"ఆగితే తత్కాల్ కూడా దొరకదు బావా."

ఆ "ఇంతదాకా వచ్చాక" అన్న మాట వినపడగానే నేను కాస్త జాగ్రత్త పడతాను. ఇంతదాకా పెట్టిన కోచింగ్ ఫీజు, హాస్టల్ ఖర్చు, పిల్ల పోగొట్టుకున్న నిద్ర, అన్నీ అయిపోయినవి. వెళ్ళినా తిరిగి రావు, వెళ్ళకపోయినా రావు. మన పేజీలో వాటికి గడి లేదు.

మొదటి గడి: సీటు చేతిలో పెడితే చేరతావా?

అందరూ దాటేసే ప్రశ్న ఇదే. వచ్చాక చూద్దాంలే అంటారు. వచ్చాక చూసేదైతే ముప్పై వేలు పెట్టి ఇప్పుడెందుకు వెళ్ళడం?

ఏఎఫ్ఎంసీలో చదువుకి ఫీజు కట్టక్కర్లేదు. బదులుగా చదువు అయ్యాక సైన్యం వైద్య సేవల్లో పనిచేయాలి. కొందరికి పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉద్యోగం. కొందరికి షార్ట్ సర్వీస్, అంటే కొన్నేళ్ళే. ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్ళాలి. చేరేటప్పటికి పెళ్ళి అయి ఉండకూడదు, చదువు పూర్తయ్యేదాకా చేసుకోకూడదు. మధ్యలో వద్దనుకుంటే బాండు డబ్బు కట్టాలి, అది చిన్న మొత్తం కాదు. ఇవన్నీ బ్రోషర్లో ఉంటాయి. మా బావమరిది దానిలో తేదీలున్న పేజీ ఒక్కటే చదివాడు. మిగతాది పిల్లే చదివింది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. పుణే పిలుపు వచ్చేంత ర్యాంకు ఉన్న పిల్లలకి చాలావరకు ఇక్కడే కన్వీనర్ కోటాలో ప్రభుత్వ సీటు దొరుకుతుంది. మూడో పాఠం లెక్క ప్రకారం మా పిల్లకీ కాకినాడ దాదాపు ఖాయం. అంటే పుణే వెళ్తే ఫీజు మిగులుతుందన్న మాట ఆమె విషయంలో నిలబడదు. ప్రభుత్వ కాలేజీ ఫీజు ఎలాగూ తక్కువే. ఆమెకి మిగిలిన ప్రశ్న ఒకటే: యూనిఫాం కావాలా, వద్దా?

వాళ్ళ నాయనమ్మ వెంటనే తేల్చేసింది. "కాకినాడలో చదివితే ఆదివారం పులసో ఇంకో చేపో వండి పంపుతాను. అక్కడెక్కడో మంచులో ఎవడు పెడతాడే నీకు?" వాళ్ళ నాన్నకి మిలిటరీ డాక్టర్ అంటే గర్వం. పిల్ల రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా పేజీలో ఒక లైను రాసింది: "సీటు వస్తే చేరతాను. కాకినాడ వచ్చినా సరే." పెన్నుతో ఎందుకు రాయమన్నానంటే ఇందుకే. పెన్సిల్ అయితే నాయనమ్మ మాట వినగానే చెరిపేసేది, నాన్న మొహం చూసి మళ్ళీ రాసేది.

మీ జవాబు "చేరను" అయితే పాఠం ఇక్కడితో అయిపోయింది. "ఊరికే అనుభవం కోసం" అంటారా, ఆ అనుభవం ఖరీదు నాలుగో గడిలో చూసి మాట్లాడండి.

రెండో గడి: చౌకగా తేలేది ముందు తేల్చు

దీని గురించి నా సొంత బాధ ఒకటుంది. నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఒక దూరపు శిక్షణ సంస్థ నుంచి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. పేరు ఇప్పుడెందుకు. మా నాన్న కొబ్బరికాయల వ్యాపారి దగ్గర తర్వాతి దింపుకి, అంటే తర్వాతి కాయ కోతకి, అడ్వాన్సు తీసుకుని నన్ను రైలెక్కించాడు. అక్కడ మొదటి బల్ల దగ్గరే ఒకాయన రంగు చుక్కల పుస్తకం తెరిచి, ఇందులో అంకె ఎంత అన్నాడు. నాకు చుక్కలే కనిపించాయి. పేజీ తిప్పాడు. మళ్ళీ చుక్కలే. నా వెనకవాడు లోపల గొణుక్కుంటున్నాడు, "డెబ్భై నాలుగు, డెబ్భై నాలుగు" అని. ఇంటర్వ్యూ గది తలుపు కూడా చూడకుండా తిరుగు రైలెక్కాను. ఇప్పటికీ పండు మిరపకాయ ఏదో పచ్చిది ఏదో నేను నొక్కి చూసి చెప్పాల్సిందే. ఆ పుస్తకం అమలాపురంలో కంటి డాక్టర్ దగ్గరా ఉంటుంది. ముందే వెళ్ళి చూపించుకుంటే ఒక దింపు డబ్బు మిగిలేది.

సైన్యం మెడికల్ బోర్డు మామూలు కాలేజీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లాంటిది కాదు. చూపు, వినికిడి, ఎత్తుకి తగ్గ బరువు, మోకాళ్ళు, పాదాలు, అన్నీ చూస్తారు. ప్రమాణాలు బ్రోషర్లో రాసే ఉంటాయి. ఆ పేజీ ప్రింటు తీసుకుని మీ ఊళ్ళో కంటి డాక్టర్ దగ్గరికి, ఒక ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మా పిల్లకి కళ్ళజోడు ఉంది. పవర్ హద్దు లోపలే ఉందని తేలాకే మూడో గడికి వెళ్ళాం. అయిన ఖర్చు రెండు ఫీజులు, ఒక పూట.

మూడో గడి: వరసలో నేనెక్కడ?

భారతీయ విద్యార్థులకి ఏఎఫ్ఎంసీలో 145 సీట్లు. అబ్బాయిలకి 115, అమ్మాయిలకి 30. అంటే ఆడపిల్ల లెక్క వేరు, మగపిల్లవాడి లెక్క వేరు. మొత్తం సీట్లు చూసి అమ్మాయిలు సంబరపడకూడదు.

బ్రోషర్ల ప్రకారం నీట్ 720, టోఎల్ఆర్ 80, కలిపి 800. దాన్ని 200కి కుదించి, ఇంటర్వ్యూకి 50 కలుపుతారు. ఈ ఏడాది బ్రోషర్లో ఇదే పద్ధతి ఉందో లేదో సరిచూసుకుని ముందుకు వెళ్ళండి. అర్థమేమిటంటే, నీట్‌లో 4 మార్కుల తేడా ఇక్కడ 1 మార్కు. మీరు చివరి సీటు వచ్చినవాళ్ళకంటే 32 మార్కులు వెనక ఉంటే, ఇంటర్వ్యూలో వాళ్ళకంటే 8 ఎక్కువ తెచ్చుకోవాలి. యాభైకి ఎనిమిది. అసాధ్యం కాదు, కానీ అందరికీ మార్కులు మధ్యలోనే పడతాయి అనుకుని లెక్క వేసుకోవడం క్షేమం. మా పిల్ల బాగా మాట్లాడుతుంది అని ప్రతి తండ్రీ అంటాడు. అక్కడికొచ్చే పిల్లలందరి తండ్రులూ అదే అనుకుని రైలెక్కినవాళ్ళే.

పోయినేటి మార్కులతో పోల్చకండి, ర్యాంకులతో పోల్చండి. 2024లో 720కి 720 వచ్చినవాళ్ళే 17 మంది. 2025లో పేపరు కష్టంగా వచ్చి దేశంలో మొదటి మార్కే 686. ఈ రెండేళ్ళ మార్కులు పక్కపక్కన పెడితే మతి పోతుంది.

ఇక అంచనా. 300 మంది అమ్మాయిలను పిలిచారనుకుందాం, లెక్క కోసమే. సగటున పదిమందికి ఒక సీటు. కానీ ఇది లాటరీ కాదు. ర్యాంకులో ముందున్నవాళ్ళకి పదికి ఆరు, తోకలో ఉన్నవాళ్ళకి నూటికి ఒకటీ లేకపోవచ్చు. మా పిల్ల తన ర్యాంకు చూసుకుని "పదికి మూడు" అని రాసింది. వాళ్ళ నాన్న "ఎనిమిది" అన్నాడు. నేను "రెండు" అన్నాను. ఇలాంటప్పుడు తక్కువ చెప్పినవాడి అంకె తీసుకోండి.

నాలుగో గడి: అసలు ఖర్చు

కోనసీమ రైలు కోటిపల్లి దాటి ఇంకా మనవైపు రాలేదు కాబట్టి రాజమండ్రి దాకా కారు. అక్కడ కోణార్క్ ఎక్కితే దాదాపు ఒక రోజు ప్రయాణం. తండ్రీకూతుళ్ళకి మేం వేసిన పద్దు ఇది: రాజమండ్రికి రానూపోనూ 2,000. థర్డ్ ఏసీ నాలుగు టికెట్లు, వెళ్ళేవి తత్కాల్, 8,200. నాలుగు రాత్రులు లాడ్జి 7,200. తిండి, ఆటోలు 5,000. బూట్లు, బట్టలు, ఫోటోలు, జిరాక్సులు 3,000. ఇక్కడికి 25,400. మా బావమరిది ఇక్కడ గీత గీసేశాడు. కొట్టు ఆరు రోజులు మూసేస్తే పోయేది ఎవరిది? రోజుకి వెయ్యి వేసినా ఇంకో 6,000. మొత్తం 31,400.

అంకెలతో ఆయనకి ఏమీ అనిపించలేదు. కాయల్లోకి మార్చాను. వెయ్యి కాయలు పదిహేను వేలు అనుకుంటే రెండు వేల కాయల పైమాట. వాళ్ళ తోటలో దింపుకి పన్నెండు వందల కాయలు దిగుతాయి. దాదాపు రెండు దింపులు. అప్పుడు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

ఇప్పుడు అసలు కిటుకు. ఖర్చుని అవకాశంతో భాగించండి. పదికి రెండు అంటే ఐదింట ఒకటి. కాబట్టి 31,400ని ఐదుతో హెచ్చించాలి. 1,57,000. పదివేల కాయలు దాటింది. మీరు ఆ సీటుకి నిజంగా పెడుతున్న ధర అది, 31 వేలు కాదు. కాకినాడ బదులు పుణే అనే ఆ ఒక్క తేడా మీకు లక్షన్నర చేస్తుందా? చేస్తే టికెట్ తీయండి. చేయకపోతే వద్దు. చేస్తుందో లేదో నేను చెప్పను, మొదటి గడిలో రాసిన లైనే చెప్పాలి.

ఇదే లెక్క ఇంకో ఇంట్లో తలకిందులవుతుంది. ఎవరికైనా ఇక్కడ మేనేజ్‌మెంట్ సీటు తప్ప దారి లేదనుకోండి. ఏడాదికి పది లక్షలు దాటే ఫీజు, నాలుగున్నరేళ్ళ చదువు. వాళ్ళకి నూటికి పది వంతుల అవకాశమున్నా 31 వేలు లెక్కలోకి రాదు, అప్పు చేసైనా వెళ్ళాలి. అలాంటివాళ్ళకి పుణే పిలుపు రావడం అరుదు, అది వేరే సంగతి.

ఐదో గడి చిన్నది: వెళ్తే ఇక్కడ ఏ తలుపు మూసుకుంటుంది? విజయవాడ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ తేదీలు, అఖిల భారత కోటా తేదీలు, పుణే తేదీలు ఒకే కాగితం మీద పక్కపక్కన రాయండి. వెబ్ ఆప్షన్లు రైల్లోంచి ఫోన్లో పెట్టుకోవచ్చు. సిగ్నల్ ఉంటే. కానీ ఎక్కడైనా ఒక కాలేజీలో చేరిపోయి ఉంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉంటాయి. పుణేలో అవే అడుగుతారు.

ఒక పక్క మాట. రాజమండ్రిలోనో భీమవరంలోనో హోటల్ హాల్లో "మెడికల్ సీటుకి స్పాట్ ఇంటర్వ్యూ" అంటే దానికి ఈ గడులేవీ అక్కర్లేదు. మన దేశంలో ఎంబీబీఎస్ సీటు, డీమ్డ్ యూనివర్సిటీ అయినా సరే, నీట్, కౌన్సెలింగ్ దారిలోనే వస్తుంది. విదేశీ సీటుకి హోటల్లో అడిగే నాలుగు ప్రశ్నల్లో ఎవరూ తప్పరు. ఎవరూ తప్పని ఇంటర్వ్యూ ఇంటర్వ్యూ కాదు, అడ్వాన్సు కట్టించుకునే బల్ల.

మా పిల్ల ఐదు గడులూ నింపి పేజీ నా ముందు పెట్టి, "మామయ్యా, లక్షన్నర చేస్తుంది" అంది. వాళ్ళ నాన్న వైపు చూశాను. ఆయన ఫోన్లో తత్కాల్ టైము చూసుకుంటున్నాడు. వెళ్ళారు, వచ్చారు. సీటు వచ్చిందో లేదో వచ్చే పాఠంలో చెబుతాను. ఇప్పుడే చెప్పేస్తే ఆమె పేజీని ఫలితంతో కొలుస్తారు, మీ పేజీలో అంకెలు కూడా అటే వంగుతాయి.

ఈ వారం అభ్యాసం: మీ ఇంట్లో ఇంటర్వ్యూ పిలుపు లేకపోయినా ఫరవాలేదు. ఒక అబ్బాయి ఉన్నాడనుకోండి. ఊరు పాలకొల్లు. ఇక్కడ ప్రభుత్వ సీటు అనుమానం, సగం సగం. పుణేలో పదికి ఒకటి. సైన్యం అంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. తండ్రికి రొయ్యల చెరువు, పట్టుబడికి పది రోజులుంది, వదిలి కదలలేడు. తోడు ఎవరు వెళ్ళాలి, ఆ ఖర్చు ఎంత, ఏ గడి దగ్గర ఆగిపోతారు? పెన్నుతో రాయండి.