మోడల్ రైల్వేలో కొండలు, ఇళ్లు మొదలుపెట్టే ముందు

ముందు ఇంజిన్లన్నిటినీ రెండు వైపులా, నెమ్మదిగా, పాయింట్లు (రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పట్టాలు) మార్చి మార్చి నడిపి చూడండి. బ్యాలస్ట్ (పట్టాల మధ్య పరిచే కంకర) అతికించాక వైరింగ్‌లో తప్పు బయటపడితే, కట్టిందంతా పగలగొట్టాల్సిందే.

మీ దగ్గరున్న అతి పొడవైన బోగీని వంపుల్లో తిప్పండి. దాని మధ్యభాగం వంపు లోపలికి, చివరలు బయటికి వస్తాయి కాబట్టి ప్లాట్‌ఫాం, సొరంగం గోడ ఎంత దూరంలో ఉండాలో అదే చెబుతుంది.

సొరంగం వెనక చెయ్యి దూరేంత దారి వదలండి. రైలు పట్టాలు తప్పేది సరిగ్గా అక్కడే, అదేం పగో!

థర్మోకోల్ కొండకు మామూలు స్ప్రే పెయింట్ వద్దు, కరిగిపోతుంది.

పాయింట్ల కదిలే భాగాలకు పల్చటి జిగురు తగలనివ్వకండి, బిగుసుకుపోతాయి.

ఇళ్ల కిట్ కొనేటప్పుడు స్కేల్, అంటే అసలుదానికంటే ఎన్ని రెట్లు చిన్నదో, చూడండి: హెచ్‌ఓ (HO) సైజు అయితే 1:87, ఎన్ (N) సైజు సాధారణంగా 1:160.