మొక్క డీఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కు పనికొస్తుందో లేదో కొలిచి చూడటం ఎలా?

మామిడి ఆకు నుంచి డీఎన్‌ఏ తీస్తే ట్యూబులోకి అదొక్కటే రాదు. ఆర్‌ఎన్‌ఏ, పాలీఫినాల్స్, జిగురులాంటి పాలీశాకరైడ్లు కూడా వెంట వస్తాయి. అందుకే ఏదో ఒక్క మెషీన్ చూపించిన అంకెను పట్టుకుని లైబ్రరీ తయారీకి, అంటే అక్షరక్రమం చదివే సీక్వెన్సింగ్ మెషీన్ కోసం డీఎన్‌ఏను సిద్ధం చేయడానికి, దిగకండి.

ముందుగా డీఎన్‌ఏను బఫర్‌లో పూర్తిగా కరగనివ్వండి, ఒక రాత్రి వదిలేస్తే మంచిది. వోర్టెక్స్ మెషీన్‌తో గట్టిగా కుదపకండి, పొడవాటి పోగులు తెగిపోతాయి. ట్యూబును మెల్లగా తిప్పుతూ కలపండి. పైనుంచి, అడుగునుంచి విడివిడిగా తీసి కొలిస్తే అంకెలు బాగా తేడా వస్తున్నాయా? అయితే అది ఇంకా సరిగా కలవలేదు.

తర్వాత నానోడ్రాప్, అంటే శాంపిల్ ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే మెషీన్. డీఎన్‌ఏ ఏ బఫర్‌లో ఉందో దానితోనే బ్లాంక్ (సున్నా కొలత) పెట్టి, 1 నుంచి 2 మైక్రోలీటర్లు వేయండి. 260, 280 నానోమీటర్ల దగ్గర పీల్చుకున్న కాంతుల నిష్పత్తి, అంటే 260/280, 1.8 దగ్గర ఉండాలి. బాగా తగ్గితే ప్రొటీన్ గానీ ఫినాల్ గానీ మిగిలినట్టు, 2 దాకా వెళ్తే ఆర్‌ఎన్‌ఏ ఉన్నట్టు అనుమానించాలి. మొక్కల విషయంలో నేను ముందు చూసేది 260/230. అది 2.0 నుంచి 2.2 మధ్య ఉండాలి. పాలీశాకరైడ్లు, ఫినాల్, మిగిలిపోయిన లవణాలు దాన్ని కిందికి లాగేస్తాయి.

ఇక అసలు పరిమాణం క్యూబిట్‌తో, అంటే మెరిసే రంగుతో డీఎన్‌ఏను కొలిచే మెషీన్‌తో, తేల్చండి. అందులోని రంగు రెండు పోగుల డీఎన్‌ఏకు అంటుకున్నప్పుడే బాగా మెరుస్తుంది. 199 మైక్రోలీటర్ల రంగు ద్రావణంలో 1 మైక్రోలీటర్ శాంపిల్ కలిపి, 2 నిమిషాలు ఆగి చదవండి. మైక్రోలీటరుకు నానోడ్రాప్ 400 నానోగ్రాములు, క్యూబిట్ 90 చూపించాయనుకోండి. ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ కంపెనీ లైగేషన్ లైబ్రరీ పద్ధతికి 1 మైక్రోగ్రామ్ (1000 నానోగ్రాములు) కావాలి. నానోడ్రాప్‌ను నమ్మి 2.5 మైక్రోలీటర్లు తీస్తే చేతికొచ్చేది 225 నానోగ్రాములే! నిజానికి 11 మైక్రోలీటర్లకు పైగా కావాలి.

అంత తేడా వస్తే ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏజ్-ఏ వేసి 37 డిగ్రీల్లో అరగంట ఉంచండి. అక్కడితో ఆపేయకండి. ఆర్‌ఎన్‌ఏ ముక్కలైనా ట్యూబులోనే ఉంటుంది, నానోడ్రాప్ దాన్నీ లెక్కేస్తుంది. డీఎన్‌ఏను పట్టుకునే అయస్కాంత బీడ్స్‌తో శుభ్రం చేసి మళ్లీ కొలవండి. 260/230 అప్పటికీ పెరగకపోతే ఒకటి రెండు రోజులు చీకట్లో ఉంచిన మొక్క లేత ఆకులతో మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

చివరగా డీఎన్‌ఏను పొడవును బట్టి విడదీసే 0.8 శాతం అగరోజ్ జెల్. పక్కన పోల్చుకోవడానికి, పొడవులు ముందే తెలిసిన ముక్కలుండే లాంబ్డా హిండ్-3 మార్కర్ వేయండి. దాని 23 కేబీ (23 వేల అక్షరాల పొడవు) గీత దగ్గర గానీ పైన గానీ బిగుతుగా ఒకే బ్యాండ్ కనిపించాలి. కిందికి పొగలా జారితే డీఎన్‌ఏ ముక్కలైంది, అడుగున మబ్బులా ఉంటే అది ఆర్‌ఎన్‌ఏ. మామూలు జెల్ అంతకన్నా పొడవైన పోగులను విడదీయలేదు కాబట్టి పొడవాటి పోగులను చదివే లాంగ్ రీడ్ సీక్వెన్సింగ్‌కు పంపేముందు, కరెంటు దిశ మారుస్తూ వాటిని విడదీసే పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ కూడా చూడండి.

పాసైన శాంపిల్‌ను త్వరలో వాడేదైతే 4 డిగ్రీల్లోనే పెట్టండి. పదే పదే గడ్డకట్టించి కరిగిస్తే పోగులు తెగుతాయి.