కుకీకి సంతకం చాలా, ఎన్‌క్రిప్షన్ కూడా కావాలా?

కుకీ అంటే మన వెబ్‌సైట్ రాసి యూజర్ చేతికిచ్చి పంపే చీటీ. మళ్లీ వచ్చినప్పుడు తెచ్చి చూపిస్తాడు, నిజమే, కానీ మధ్యలో అది ఉండేది ఆయన దగ్గరే. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి యూజర్ ఐడీ 41ని 42గా మార్చడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు.

అందుకే సంతకం. కుకీ విలువకి సర్వర్‌లో మాత్రమే ఉండే రహస్య కీని కలిపి హెచ్‌మ్యాక్ అనే ముద్ర, అంటే కీ లేనివాళ్లు పుట్టించలేనిది, లెక్కగట్టి (మామూలుగా షా-256 అనే హాష్ పద్ధతితో), వచ్చినదాన్ని విలువ పక్కనే తగిలిస్తాం. కుకీ తిరిగొచ్చాక మళ్లీ లెక్కగట్టి రెండూ ఒకటేనా అని చూస్తాం. ఒక్క అక్షరం మారినా దొరికిపోతుంది. పోల్చేది మీరే రాస్తుంటే మాత్రం మామూలు సమానం గుర్తు వాడకండి, అది తేడా కనిపించగానే ఆగిపోతుంది, ఆ సమయం కొలిచి సంతకాన్ని కొంచెం కొంచెంగా ఊహించొచ్చు. పైథాన్‌లో కంపేర్_డైజెస్ట్, నోడ్‌లో టైమింగ్‌సేఫ్‌ఈక్వల్ ఉన్నది ఇందుకే. అసలైతే రాయకండి, ఫ్రేమ్‌వర్క్ ఇచ్చింది వాడుకోండి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడ: సంతకం దేన్నీ దాచదు. ఫ్లాస్క్ (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) సెషన్ కుకీ చూస్తే ఏవో పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి కదా, నేనూ మొదట్లో అది ఎన్‌క్రిప్ట్ అయిందనుకుని సెషన్‌లో ఫోన్ నంబర్లు పెట్టేశాను, తోటి డెవలపర్ ఒకాయన దాన్ని కాపీ చేసి బేస్64 (డేటాని మామూలు అక్షరాల్లో రాసే పద్ధతి, రహస్యమేమీ కాదు) డీకోడ్ చేసి నా ముందే చదివి వినిపించేదాకా తెలియలేదు. కీ లేకుండానే చదివేశాడు!

దాచాల్సింది ఉంటే ఎన్‌క్రిప్ట్ చేయాలి. అందులోనూ ఏఈఎస్-256-జీసీఎం లాంటి పద్ధతి ఎంచుకోండి, అది దాచడంతో పాటు ఎవరైనా మార్చితే పట్టుకుంటుంది కూడా. దాచడం మాత్రమే చేసే ఏఈఎస్ సీబీసీ ఒక్కటే వాడి సంతకం వదిలేస్తే, లోపల ఏముందో చదవలేకపోయినా బిట్లు తిప్పి విలువ మార్చొచ్చు. ఫ్రేమ్‌వర్కుల్లో చూస్తే, లారావెల్ తను పెట్టే అన్ని కుకీలనూ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. రైల్స్‌లో సైన్డ్, ఎన్‌క్రిప్టెడ్ అని రెండూ విడివిడిగా ఉంటాయి. ఎక్స్‌ప్రెస్‌లో కుకీ-పార్సర్ సంతకం వరకే. దాంట్లో ఇంకో తిరకాసు ఉంది: సంతకం ఉన్న కుకీలు సైన్డ్‌కుకీస్‌లోకి వస్తాయి, సంతకం సరిపోకపోతే విలువ ఫాల్స్ అవుతుంది. "అక్కడ లేకపోతే మామూలు కుకీస్‌లో చూద్దాం" అని ఒక లైన్ రాశారంటే, సంతకం లేని కుకీని అదే పేరుతో ఎవడైనా పంపొచ్చు. అంత చేసిందీ వృథా.

పేరు సంగతీ చూడండి. కుకీ-పార్సర్ సంతకం విలువకే, పేరుకి కాదు. ఒకే కీతో రెండు కుకీలుంటే ఒకదాని విలువ ఇంకోదాంట్లో అతికించినా సరిపోతుంది. జాంగోలో పేరే సాల్ట్‌లో (సంతకం లెక్కలో కీతో పాటు కలిపే మాట) కలుస్తుంది కాబట్టి ఈ గొడవ లేదు. మీ దగ్గర లేకపోతే ఇది దేనికి సంబంధించిన కుకీయో విలువలోనే రాసి, చదివేటప్పుడు సరిచూసుకోండి.

ఇక సంతకమూ ఎన్‌క్రిప్షనూ రెండూ ఆపలేనిది పాత కుకీ. బ్యాలెన్స్ 100 అని కుకీలో పెట్టారనుకోండి, యూజర్ ముందే దాన్ని కాపీ చేసుకుని, అంతా ఖర్చు పెట్టి, పాతది మళ్లీ అతికిస్తాడు. సంతకం పక్కా, ఎందుకంటే అది మీరు పెట్టిందే. లాగౌట్ కూడా అంతే: బ్రౌజర్‌లో కుకీ చెరిపేశాం అనుకుంటాం, కాపీ ఉన్నవాడికి అది ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి మారే లెక్కలు, వెంటనే రద్దు చేయాల్సినవి డేటాబేస్‌లోనే ఉండాలి, కుకీలో సెషన్ ఐడీ ఒక్కటి చాలు. గడువు కూడా మ్యాక్స్-ఏజ్ (కుకీ ఎన్ని సెకన్లు ఉండాలో చెప్పే సెట్టింగ్) మీద వదిలేయొద్దు, దాన్ని పాటించేది బ్రౌజర్. ఇచ్చిన సమయాన్ని సంతకం లోపలే పెట్టి సర్వర్‌లో చూడండి.

కీ 32 బైట్లు, రాండమ్‌గా పుట్టించినది, కోడ్ రిపోలో కాకుండా సర్వర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉండాలి. యాప్ స్టార్ట్ అయినప్పుడల్లా కొత్త కీ పుట్టించకండి: రెండు సర్వర్లుంటే యూజర్లు ఊరికే లాగౌట్ అవుతుంటారు, కారణం వెతకలేక మీకు టెన్షన్. కీ మార్చేటప్పుడు కొత్తదాంతో సంతకం పెడుతూ, పాతదాన్ని కొన్నాళ్లు చదవడానికి మాత్రం ఉంచాలి. జాంగో 4.1 నుంచి సీక్రెట్_కీ_ఫాల్‌బ్యాక్స్ దీనికే. కీ లీకయ్యి మారుస్తుంటే మాత్రం పాతది అలా ఉంచకండి, అందరూ లాగౌట్ అయినా సరే.

కుకీ సెట్టింగుల్లో హెచ్‌టీటీపీఓన్లీ (జావాస్క్రిప్ట్ చదవకుండా), సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్ మీదే వెళ్లేలా), సేమ్‌సైట్ (వేరే సైట్ల నుంచి వచ్చే రిక్వెస్టులతో వెళ్లకుండా) ఎలాగూ పెట్టాలి. ఒక్కో కుకీకి దాదాపు 4096 బైట్లే హద్దు, బేస్64 వల్ల డేటా మూడో వంతు పెరుగుతుంది, కాబట్టి కార్ట్ మొత్తం కుక్కేయకండి.

అంతా అయ్యాక ఒక టెస్ట్ రాయండి. కుకీ మధ్యలో ఒక అక్షరం మార్చి పంపితే లాగిన్ పేజీ రావాలి. 500 ఎర్రర్ (సర్వర్ కోడ్ మధ్యలో ఆగిపోవడం) వచ్చిందంటే డీకోడ్ ఫెయిలయ్యే దారిని ఎక్కడో వదిలేశారు, అక్కడ కుకీ లేనట్టే నడిపించండి.