పులికాట్‌లో పక్షులు చూడాలంటే ముందు ఎండ ఎటుందో చూసుకోండి

పులికాట్ సరస్సు దాకా వెళ్లి, ఫ్లెమింగోలు దూరంగా గులాబీ గీతలా కనిపించాయంతే అంటూ తిరిగొచ్చేవాళ్లు చాలామంది. పక్షులు లేక కాదు, వెలుగు చూసుకోక అలా అవుతుంది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మీదుగా దాదాపు నేరుగా తూర్పుకు పోతుంది. రెండు పక్కలా నీళ్లే. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు ఆగ్నేయాన ఉదయించి రోజంతా దక్షిణం వైపే ఉంటాడు. కాబట్టి ఉత్తరం పక్క నీళ్లలోకి చూస్తే ఎండ మీ వీపు మీద పడుతుంది, పక్షి ముక్కు రంగు కూడా తెలుస్తుంది. దక్షిణం పక్క చూస్తే అన్నీ నల్లటి నీడలే. శ్రీహరికోట వైపు వెళ్లేటప్పుడు ఉత్తరం మీకు ఎడమ పక్కన ఉంటుంది, బండి ఆపేదీ అటే. అందుకే ఆగి చూడడమంతా వెళ్లేటప్పుడే పెట్టుకోండి. చివర చెక్‌పోస్టు వస్తుంది, అనుమతి లేకపోతే అక్కడినుంచి వెనక్కి తిరగాల్సిందే.

తెల్లవారేసరికి రోడ్డు మీద ఉండాలి. తొమ్మిదిన్నర దాటితే నీళ్ల మీద వేడిగాలి అలలాడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన స్కోప్ (దూరపు పక్షుల్ని చూసే చిన్న టెలిస్కోప్) పెట్టినా బొమ్మ వణుకుతుంది.

ఏ నెలలో వెళ్లాలన్నది నీటి మట్టాన్ని బట్టి ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండుతుంది. నిండుగా ఉన్నప్పుడు గూడబాతులు (పెలికాన్లు), బాతులు కనిపిస్తాయి గానీ, నీళ్లలో నడుస్తూ మేసే పక్షులకు లోతు ఎక్కువవుతుంది. నీరు తగ్గి అంచుల్లో బురద తేలే జనవరి, ఫిబ్రవరి నెలలే మా లెక్కలో మంచివి. ఎండాకాలం ముదిరేసరికి చాలా భాగం ఎండిపోతుంది.

బైనాక్యులర్ 8×42 చాలు, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. 10× తీసుకుంటే చెయ్యి వణుకు కూడా అంతే పెరిగి కనిపిస్తుంది. బయల్దేరేముందే సరిచేసుకోండి: కుడి కన్ను మూసి మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి స్పష్టంగా వచ్చేలా చూడండి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రం కదపకుండా, కుడి కంటి దగ్గరి రింగు తిప్పండి. ఇది చెయ్యకపోతే అరగంటలో తలనొప్పి ఖాయం. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి దించుకోవాలి.

కారే మీకు మంచి చాటు. మనిషి దిగగానే లేచిపోయే పక్షులు ఆగిన కారును అంతగా పట్టించుకోవు. బండిని రోడ్డు మార్జిన్ దాటించి ఆపండి, ఇది బస్సులు తిరిగే దారి. ఇంజిన్ ఆపేసి, గుడ్డసంచిలో కిలో బియ్యం పోసి కిటికీ అద్దం అంచున పెట్టి, దాని మీద బైనాక్యులర్ ఆనించండి. బొమ్మ కదలదు.

ఫ్లెమింగోలు తల కిందులుగా ముక్కు నీళ్లలో ముంచి మేస్తున్నంతసేపూ నిశ్చింతగా ఉన్నట్టే. మెడలన్నీ ఒక్కసారి పైకి లేచి, గుంపంతా ఒకే వైపు నడక మొదలుపెడితే మీరు మరీ దగ్గరికి వెళ్లారన్నమాట. అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి రండి. ఇంకో నాలుగడుగులు వేస్తే లేచిపోతాయి. వాటిని లేపి ఫొటో తియ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, మేత మానేసి ఎగిరిన ప్రతిసారీ వాటి ఒంట్లో శక్తి ఖర్చవుతుంది. బూడిద రంగువి వేరే జాతి అనుకోకండి, అవి పిల్లలు.

గుంపును లెక్కపెట్టడానికి ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా ఎంచండి. ఆ పది ఎంత వెడల్పు ఆక్రమించాయో గుర్తుపెట్టుకుని, ఆ కొలతతో గుంపు ఈ చివర నుంచి ఆ చివరకు కొలవండి. దట్టంగా ఉన్నచోట కొలత మార్చుకోకపోతే లెక్క తక్కువ వస్తుంది.

బురదలోకి దిగొద్దు. పైన ఎండి పగుళ్లిచ్చినా కింద మెత్తగానే ఉండి మోకాలి దాకా దిగబడుతుంది.

సాయంత్రం నేలపట్టుకు వెళ్లొచ్చు, నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టే చోటు అది. ఇంటికొచ్చాక లెన్సును పొడిగుడ్డతో రుద్దకండి. ఉప్పు రేణువులు అద్దాన్ని గీరేస్తాయి. ముందు గాలి ఊది, తర్వాత తడిగుడ్డతో అద్దండి.